యోంగ్‌బ్యోన్ సీళ్లు: 1994 జెనీవా ఒప్పందం నిలిచిన తీరు, తెగిన తీరు

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) తనిఖీదారులు చాలాకాలంగా వాడుతూ వచ్చిన లోహపు సీలు అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. రెండు రేకు మూతలు ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి. మూసి ఉంచవలసిన పాత్రకు చుట్టిన తీగ కొసలు రెండూ ఆ మూతల లోపలే ముడిపడతాయి. మూత లోపలివైపు గీతలు ఉంటాయి. ఏ రెండు సీళ్ల గీతలూ ఒకలా ఉండవు కాబట్టి బిగించే ముందే వాటిని ఫొటో తీసి భద్రపరుస్తారు. నెలల తరువాత తనిఖీదారు వచ్చి, తీగ కత్తిరించి, ఆ సీలును వియన్నాలోని సంస్థ ప్రధాన కార్యాలయానికి తీసుకువెళితే, అక్కడ గీతలను పాత ఫొటోతో పోల్చి చూస్తారు. రెండూ కలిస్తే ఆ పాత్రను మధ్యలో ఎవరూ తెరవలేదని తేలుతుంది. తెరవదలచినవాణ్ని సీలు ఆపలేదు. పటకారుతో క్షణంలో తెంచేయవచ్చు. తెంచారన్న సంగతిని దాచనివ్వకపోవడం ఒక్కటే దాని పని.

అణుపదార్థాల జమాఖర్చులు సరిచూసే ఉద్యోగంలో నేను పాతికేళ్లకు పైగా పనిచేశాను. ఇప్పుడు ఆ రంగంలోకి కొత్తగా వచ్చేవారికి శిక్షణ ఇస్తున్నాను. ప్రతి బృందానికీ మొదట ఇచ్చే కేసు ఉత్తర కొరియాది, అందులోనూ 1994 అక్టోబరులో అమెరికాతో జెనీవా ఒప్పందం కుదిరినప్పటి నుంచి 2002 డిసెంబరు వరకు సాగిన ఎనిమిదేళ్ల ఘట్టం. ఈ కేసును సాధారణంగా మోసపోయిన కథగా చెబుతారు. రికార్డును వరుసగా చదివినకొద్దీ నాకు మరొకటి కనిపించింది: కళ్లతో చూసి, కొలిచి, సీలు వేసి పట్టుకున్న దాన్ని, ఇంకా కొలవని మరొక దాని కోసం వదిలేసుకున్నారు.

తేలని 90 గ్రాములు

ఉత్తర కొరియా 1985 డిసెంబరులో అణు వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరింది. చేరిన దేశం 18 నెలల్లోగా ఐఏఈఏతో తనిఖీల ఒప్పందం కుదుర్చుకోవాలి. ప్యాంగ్యాంగ్ ప్రభుత్వం దానిపై సంతకం చేసినది 1992 జనవరి 30న. ఈ మధ్యలో సోవియట్ యూనియన్ కూలిపోయింది, దక్షిణ కొరియాలోని అమెరికా అణ్వాయుధాలను ఉపసంహరించారు, రెండు కొరియాలూ తమ వద్ద అణ్వాయుధాలు ఉండబోవని, రీప్రాసెసింగ్ (వాడిన ఇంధనం నుంచి ఆయుధాలకు పనికొచ్చే ప్లుటోనియాన్ని వేరుచేయడం), యురేనియం శుద్ధి (ఆయుధాలకూ పనికొచ్చే మరో దారి) రెండూ చేపట్టబోమని ఉమ్మడి ప్రకటన చేసుకున్నాయి. ఈ ప్రకటనను గుర్తుపెట్టుకోవాలి; పదేళ్ల తరువాత గొడవంతా దీని చుట్టూనే తిరిగింది.

1992 మేలో ఉత్తర కొరియా తన తొలి ప్రకటనను సమర్పించింది. దేశపు ప్రధాన అణుకేంద్రమైన యోంగ్‌బ్యోన్‌లోని 5 మెగావాట్ల రియాక్టర్‌లో దెబ్బతిన్న కొన్ని ఇంధన కడ్డీల నుంచి, 1990లో ఒకే ఒక్క విడతలో, దాదాపు 90 గ్రాముల ప్లుటోనియం తీశామని అందులో ఉంది. తనిఖీదారులు రీప్రాసెసింగ్ కేంద్రంలోని పరికరాలను గుడ్డతో తుడిచి నమూనాలు సేకరించారు. వేరుచేసిన ప్లుటోనియంలో 241 అనే ఐసోటోపు కాలక్రమంలో అమెరీషియం అనే మరో మూలకంగా మారుతుంది. కొత్తగా శుద్ధి చేసిన ప్లుటోనియంలో అమెరీషియం ఉండదు. రోజులు గడిచేకొద్దీ పేరుకుంటుంది. కాబట్టి ఆ నిష్పత్తిని కొలిస్తే శుద్ధి ఎప్పుడు జరిగిందో చెప్పవచ్చు. నమూనాలు ఒక్క తేదీని కాక వేర్వేరు కాలాలను చూపాయి. 1989, 1990, 1991 సంవత్సరాల్లో మూడు విడతలుగా పని జరిగిందని ఐఏఈఏ నిర్ధారణకు వచ్చింది.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒకచోట వార్షిక నిల్వల లెక్కలో తేడా వచ్చింది. చాలా చిన్న తేడా. మూడు రాత్రులు కూర్చొని రిజిస్టర్లు తిరగేసిన తరువాత, ఒక తూకపు యంత్రాన్ని సరిచూసిన తేదీ తప్పుగా రాసి ఉండడమే కారణమని బయటపడింది. ఆ మూడు రాత్రులూ అక్కడి సిబ్బంది మాతో ముఖాముఖి మాట్లాడలేదు, ఎందుకంటే తేడా ఉందనడమే వాళ్లను దొంగలనడంగా వారికి వినిపించింది. దశాబ్దాలుగా బయటివారిని గడప తొక్కనివ్వని రాజ్యానికి మీ లెక్క తప్పు అని చెబితే అది ఎంత తీవ్రంగా తగులుతుందో ఊహించడం నాకు కష్టం కాదు. అయితే మా దగ్గర రిజిస్టర్లు తెరిచే ఉన్నాయి. యోంగ్‌బ్యోన్‌లో ఐఏఈఏ అడిగిన రెండు వ్యర్థాల స్థలాలను సైనిక స్థావరాలంటూ చూపించలేదు. 1993 ఫిబ్రవరిలో ఐఏఈఏ పాలక మండలి ముందు ఉపగ్రహ చిత్రాలు ఉంచారు. ప్రత్యేక తనిఖీ కోరారు. మార్చి 12న ఉత్తర కొరియా అణు వ్యాప్తి నిరోధక ఒప్పందం నుంచి వైదొలగుతున్నట్టు నోటీసు ఇచ్చింది. గడువు మూడు నెలలు. న్యూయార్క్‌లో అమెరికా ప్రతినిధి రాబర్ట్ గలూచీ, ఉత్తర కొరియా ప్రతినిధి కాంగ్ సోక్ జూ జరిపిన చర్చల ఫలితంగా, ఆ గడువు ముగియడానికి ఒక్కరోజు ముందు, జూన్ 11న, నోటీసును నిలిపివేశారు.

8,000 కడ్డీలు

1994 మే నెలలో జరిగిన పనే ఈ కేసులో అత్యంత కీలకమని నా అభిప్రాయం. ఉత్తర కొరియా రియాక్టర్‌ను ఆపి, అందులోని దాదాపు 8,000 ఇంధన కడ్డీలను బయటకు తీయడం మొదలుపెట్టింది. ఏ కడ్డీ రియాక్టర్ గర్భంలో ఏ చోట ఉండేదో తెలిసి, కొన్నింటిని విడిగా ఉంచి కొలవగలిగితే, ఆ ఇంధనం ఎంతకాలం మండిందో, అది తొలిసారి నింపినదో మధ్యలో మార్చినదో తేల్చవచ్చు. అంటే 90 గ్రాముల ప్రశ్నకు జవాబు ఆ కడ్డీల్లోనే ఉంది. ఐఏఈఏ కోరినది ఆ వేరుచేత. ఉత్తర కొరియా దాన్ని పక్కనబెట్టి కడ్డీలను వేగంగా తీసి కలగలిపేసింది. పాత ఖాతా పుస్తకం కుట్టు విప్పి కాగితాలను గాలికి వదిలినట్టయింది. గతాన్ని ఆ దారిలో తేల్చే అవకాశం జూన్ మొదటివారానికి పోయింది.

వాషింగ్టన్ ఆంక్షల ముసాయిదా సిద్ధం చేసింది. యోంగ్‌బ్యోన్‌పై దాడి చేసే ప్రణాళికలను అమెరికా రక్షణ శాఖ పరిశీలించింది. ఫిరంగుల దూరంలో ఉన్న సియోల్ నగరవాసుల ప్రాణాలు ఆ పరిశీలనలో లెక్కకు వచ్చాయి. జూన్ మధ్యలో మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ప్యాంగ్యాంగ్ వెళ్లి ఉత్తర కొరియా అధినేత కిమ్ ఇల్ సంగ్‌తో మాట్లాడారు. కార్యక్రమాన్ని స్తంభింపజేయడానికి, తనిఖీదారులను ఉండనివ్వడానికి కిమ్ ఒప్పుకున్నారు. మూడు వారాలకే, జులై 8న, ఆయన మరణించారు. అయినా చర్చలు ఆగలేదు. అక్టోబరు 21న జెనీవాలో గలూచీ, కాంగ్ సంతకాలు చేశారు.

ఒప్పందంలోని ఇచ్చిపుచ్చుకోలు ఇలా ఉంది. 5 మెగావాట్ల రియాక్టర్, రీప్రాసెసింగ్ కేంద్రం, ఇంధన తయారీ కేంద్రం, నిర్మాణంలో ఉన్న 50 మెగావాట్ల, 200 మెగావాట్ల రియాక్టర్లు ఎక్కడివక్కడ ఆగిపోవాలి. ఐఏఈఏ సీళ్లు, కెమెరాలు, తనిఖీదారులు అక్కడే ఉండి కనిపెట్టాలి. బదులుగా అమెరికా నాయకత్వంలోని బృందం మొత్తం 2,000 మెగావాట్ల సామర్థ్యంతో రెండు తేలికనీటి (మామూలు నీటితో నడిచే విద్యుత్) రియాక్టర్లను 2003 లక్ష్యంగా నిర్మించి ఇవ్వాలి, అప్పటిదాకా ఏటా 5 లక్షల టన్నుల భారీ ఇంధన చమురు సరఫరా చేయాలి. ఇరుదేశాలూ క్రమంగా సాధారణ సంబంధాల దిశగా నడవాలి. పాత లెక్క తేల్చడం మాత్రం వెంటనే కాదు: తేలికనీటి రియాక్టర్ల పనిలో గణనీయమైన భాగం పూర్తయ్యాక, కీలకమైన అణు భాగాలు అందించడానికి ముందు.

ఈ చివరి షరతును అప్పుడు చాలామంది తప్పుపట్టారు. నేను తప్పుపట్టను. కడ్డీలు కలగలిసిపోయాక గతాన్ని వెంటనే తేల్చాలని పట్టుబట్టడం, రాబోయే ప్లుటోనియాన్ని ఆపే అవకాశాన్ని చేజార్చుకోవడమే అయ్యేది. నేను తప్పుపట్టేది మరో లోపాన్ని. కంటికి కనిపించే యోంగ్‌బ్యోన్ గురించి అక్షరం అక్షరం బేరమాడినవారు, అప్పటికి కనిపించని యురేనియం శుద్ధి గురించి నేరుగా ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఉభయ కొరియాల 1992 ప్రకటన అమలుకు ఉత్తర కొరియా నిరంతరం చర్యలు తీసుకుంటుందన్న సాధారణ వాక్యంలోనే ఆ విషయం దాగి ఉండిపోయింది. అనుమానం వస్తే ఎవరు అడగాలి, ఎన్ని రోజుల్లో చూపించాలి, చూపకపోతే ఒప్పందంలోని ఏ భాగం ఆగుతుంది, ఏ భాగం సాగుతుంది అన్న ఏర్పాటు ఎక్కడా లేదు.

స్తంభన పనిచేసిన ఏళ్లు

కొలనులో మునిగి ఉన్న ఆ 8,000 కడ్డీల సంగతి శిక్షణలో చాలామందికి తెలియదు. వాటి పైతొడుగు మెగ్నీషియం మిశ్రమలోహం; ఎక్కువకాలం నీటిలో ఉంటే తినుకుపోతుంది. మామూలుగానైతే పాడైపోకముందే రీప్రాసెసింగ్‌కు పంపాలి, పంపితే ప్లుటోనియం వస్తుంది. అందుకని అమెరికా బృందాలు యోంగ్‌బ్యోన్‌కు వెళ్లి, నీటి అడుగునే కడ్డీలను స్టీలు డబ్బాల్లోకి ఎత్తి మూసివేసే పనికి పూనుకున్నాయి. 1996లో మొదలైన ఆ పని 2000 నాటికి పూర్తయింది. యుద్ధ విరమణే తప్ప శాంతి ఒప్పందం లేని రెండు దేశాల సాంకేతిక సిబ్బంది ఒకే కొలను గట్టున నిలబడి ఆ పని చేశారు. ఆ డబ్బాలకు ఐఏఈఏ సీళ్లు వేసింది. లోపల ఉన్న ప్లుటోనియం 25 నుంచి 30 కిలోలని అంచనా. ఒక అణ్వాయుధానికి సరిపోయేదిగా ఐఏఈఏ తీసుకునే ప్రమాణం 8 కిలోలు. ఆ సీళ్లు 2002 డిసెంబరు దాకా చెక్కుచెదరలేదు, 50, 200 మెగావాట్ల రియాక్టర్లు అసంపూర్తిగా తుప్పుపట్టి తిరిగి పనికిరాకుండా పోయాయి. ఆ రెండూ పూర్తయి ఉంటే ఏటా అనేక ఆయుధాలకు సరిపోయే ప్లుటోనియం తయారయ్యేది.

అవతలి పక్షం వాగ్దానాలు ఇంత పట్టుగా నడవలేదు. ఒప్పందం కుదిరిన మరుసటి నెలలోనే అమెరికా కాంగ్రెస్ రిపబ్లికన్ల చేతికి వెళ్లింది. ఒప్పందానికి చట్టసభ ఆమోదమున్న సంధి హోదా లేనందున, చమురు డబ్బు కోసం ప్రతి ఏడాదీ పోట్లాట తప్పలేదు. ట్యాంకర్లు తరచూ ఆలస్యమయ్యాయి. రియాక్టర్ల నిర్మాణానికి 1995 మార్చిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా కలిసి కెడో అనే సంస్థను ఏర్పాటు చేశాయి. రియాక్టర్ నమూనా దక్షిణ కొరియాది, ఖర్చులో సింహభాగం భరించేదీ ఆ దేశమే. తన నేల మీద శత్రువు పేరుతో రియాక్టర్ నిలబడడం ప్యాంగ్యాంగ్‌కు మింగుడుపడలేదు. 1995 జూన్‌లో కౌలాలంపూర్‌లో పీటముడి విప్పిన తీరు చూడండి: దక్షిణ కొరియా పేరెత్తకుండా, అమెరికా మూలంగా గల నమూనాకు మెరుగుపరచిన రూపం అని రాసుకున్నారు. ఇరుపక్షాలూ తమ తమ ప్రజలకు చెప్పుకోగల వాక్యం అది. ఇలాంటి వాక్యాన్ని కుదర్చడానికి వారాలు పడుతుంది, పట్టనివ్వాలి.

రియాక్టర్లకు ఎంచుకున్న కుమ్హోలో 1997 ఆగస్టులో భూమిపూజ లాంటి ప్రారంభోత్సవం జరిగింది, రియాక్టర్ పునాదికి తొలి కాంక్రీటు పోసేసరికి 2002 ఆగస్టు వచ్చింది. పూర్తి కావలసిన గడువు 2003. ఈ మధ్యలో ఉత్తర కొరియాను కరువు కబళించింది. లక్షల మంది చనిపోయారు. 1998 ఆగస్టు 31న ఉత్తర కొరియా టెపోడాంగ్ రాకెట్ జపాన్ మీదుగా ఎగిరింది. అదే ఏడాది కుమ్‌చాంగ్-రి దగ్గర భూగర్భంలో రహస్య రియాక్టర్ ఉందన్న అనుమానం పత్రికలకెక్కింది. సుదీర్ఘ బేరం తరువాత 1999 మేలో అమెరికా బృందం వెళ్లి చూస్తే ఖాళీ సొరంగాలు కనిపించాయి. ఈ ఘటన నాకు ముఖ్యమైనది. ఒప్పందంలో లేని స్థలంపై వచ్చిన అనుమానాన్ని, ఒప్పందాన్ని తెంచకుండానే, అడిగి, వెళ్లి, చూసి తీర్చుకోవచ్చని అది రుజువు చేసింది.

2002 శరదృతువు

యురేనియం దారి పాకిస్తాన్ మీదుగా వచ్చింది. 1998 ఏప్రిల్‌లో పాకిస్తాన్ పరీక్షించిన ఘోరీ క్షిపణికి ఉత్తర కొరియా నోడాంగ్ క్షిపణి మూలం. 1999 జూన్‌లో మన కస్టమ్స్ అధికారులు గుజరాత్‌లోని కాండ్లా రేవులో ఉత్తర కొరియా నౌక కు వోల్ సాన్‌ను ఆపి సోదా చేస్తే క్షిపణి తయారీ సామగ్రి బయటపడింది. ఆ దేశపు ఆయుధ వ్యాపారం మన తీరం పక్కగానే సాగుతోందని అప్పుడే తెలిసివచ్చింది. పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్ వర్గం ఉత్తర కొరియాకు యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్ యంత్రాల పరిజ్ఞానం అందించిందన్న సంగతి 2004లో ఆయన ఒప్పుకోలుతో బహిరంగమైంది. కాబట్టి 2002 నాటి అమెరికా అనుమానం నిరాధారం కాదు. ప్యాంగ్యాంగ్ ఉభయ కొరియాల 1992 ప్రకటనకు విరుద్ధంగా ప్రవర్తించింది.

అక్టోబరు మొదటివారంలో అమెరికా విదేశాంగ సహాయ మంత్రి జేమ్స్ కెల్లీ ప్యాంగ్యాంగ్ వెళ్లి యురేనియం సమాచారాన్ని ముందుంచారు. అదే ఏడాది జనవరిలో అధ్యక్షుడు బుష్ ఉత్తర కొరియాను ‘దుష్ట కూటమి’లో చేర్చి మాట్లాడి ఉన్నారు. కాంగ్ సోక్ జూ ఆరోపణను అంగీకరించారని అమెరికా పక్షం చెప్పింది. అటువంటి ఆయుధాలు కలిగి ఉండే హక్కు తమకుందని మాత్రమే అన్నామని ఉత్తర కొరియా తరువాత వాదించింది. నవంబరు 14న కెడో పాలక మండలి డిసెంబరు నుంచి చమురు ఆపాలని నిర్ణయించింది. డిసెంబరు 12న ఉత్తర కొరియా స్తంభనను ఎత్తివేస్తున్నట్టు ప్రకటించింది. 21 నుంచి వరుసగా రియాక్టర్ సీళ్లు, కొలను సీళ్లు, రీప్రాసెసింగ్ కేంద్రం సీళ్లు తెగిపోయాయి, కెమెరాలు పనిచేయకుండా పోయాయి. 31న చివరి తనిఖీదారులు దేశం వదిలారు. 2003 జనవరి 10న ఉత్తర కొరియా అణు వ్యాప్తి నిరోధక ఒప్పందం నుంచి బయటకు వచ్చింది.

శిక్షణలో నేను బృందాన్ని నవంబరు 13వ తేదీ దగ్గర ఆపి, మీరైతే ఏం చేస్తారని అడుగుతాను. ఎక్కువమంది చమురు ఆపుతామంటారు. మోసం చేసినవాడికి ఇంకా జీతమిస్తామా అన్నది వారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న, ఏ ప్రజాస్వామ్య ప్రభుత్వమైనా చట్టసభలో దానికి జవాబు చెప్పుకోవాలి. అప్పుడు నేను పలకపై రెండు ఖాతాలు గీస్తాను. ఒకవైపు, కొన్ని కొనుగోళ్ల ఆధారంగా అనుమానించిన యురేనియం కార్యక్రమం, ఆయుధం దాకా రావడానికి ఏళ్లు పట్టేది. మరోవైపు, సీళ్ల కింద ఉన్న 25 నుంచి 30 కిలోల ప్లుటోనియం, నెలల్లో ఆయుధంగా మారగలిగేది. మొదటిదాన్ని శిక్షించడానికి వాడిన సాధనం రెండోదానికి కాపలాగా ఉన్న సాధనమే. చమురు ఆగిన మరుక్షణం మనకు యురేనియం గురించి కొత్తగా తెలిసిందేమీ లేదు, ప్లుటోనియం గురించి తెలిసినది కూడా పోయింది. కుమ్‌చాంగ్-రి తరహాలో యురేనియానికి ప్రత్యేక చర్చల పీట వేసి, ప్లుటోనియం స్తంభనకు చెల్లించే చమురును కొనసాగిస్తూ, తేలికనీటి రియాక్టర్ల పనిని మాత్రం నెమ్మదింపజేయవలసిందని నా అభిప్రాయం. ఆ రియాక్టర్లకు కీలక భాగాలు ఎలాగూ పూర్తి తనిఖీ జరిగేదాకా అందవు కాబట్టి, ఒత్తిడి తెచ్చే పట్టు ఆ చోటే ఉంది. ప్యాంగ్యాంగ్ దీనికి ఒప్పుకునేదని హామీ లేదు. ఒప్పుకోకపోయినా, సీళ్లు తెంచడానికి దానికి దొరికిన సాకు మాత్రం దొరికేది కాదు.

2004 జనవరిలో అమెరికా అణ్వాయుధ ప్రయోగశాల లాస్ అలమోస్ మాజీ డైరెక్టర్ సీగ్‌ఫ్రీడ్ హెకర్‌ను యోంగ్‌బ్యోన్‌కు తీసుకువెళ్లారు. కొలనులో కడ్డీలు లేవు. కొన్ని డబ్బాలు ఇంకా మూసి ఉన్నాయి కదా, వాటిలో ఉండవచ్చు కదా అని సందేహం వెలిబుచ్చితే, ఏదో ఒకటి మీరే ఎంచుకోమన్నారు. తెరిచి చూపిన డబ్బా ఖాళీగా ఉంది. తరువాత గాజు సీసాలో ఒక లోహపు ముక్కను చూపారు. ఆయన చేతుల్లోకి తీసుకున్న ఆ సీసా బరువుగా, కాస్త వెచ్చగా ఉంది. ప్లుటోనియం అలాగే ఉంటుంది.

ఆ తరువాతి చర్చలు

2003లో మొదలైన ఆరు దేశాల చర్చలు 2005 సెప్టెంబరు 19న మంచి ఉమ్మడి ప్రకటనకు చేరాయి. అదే నెలలో అమెరికా ఆర్థిక శాఖ మకావులోని ఒక బ్యాంకుపై తీసుకున్న చర్యతో ఉత్తర కొరియా ఖాతాల్లోని దాదాపు 2.5 కోట్ల డాలర్లు స్తంభించిపోయి చర్చలు నిలిచాయి. 2006 అక్టోబరు 9న తొలి అణుపరీక్ష జరిగింది. 2007లో తనిఖీదారులు తిరిగి వచ్చారు, 2008 జూన్‌లో యోంగ్‌బ్యోన్ శీతలీకరణ గోపురాన్ని కెమెరాల ముందు కూల్చారు. ఆ ఏడాది చివరలో చర్చలు దేని దగ్గర ఆగాయో గమనించాలి: నమూనాల సేకరణను రాతపూర్వకంగా అంగీకరించడానికి ఉత్తర కొరియా నిరాకరించింది. 1992లో గుడ్డతో తుడిచి తెచ్చిన నమూనాలు ఏం బయటపెట్టాయో వారు మరచిపోలేదు. 2009 ఏప్రిల్‌లో తనిఖీదారులను పంపించివేశారు. 2010 నవంబరులో అదే హెకర్‌కు యోంగ్‌బ్యోన్‌లో దాదాపు 2,000 సెంట్రిఫ్యూజ్‌ల హాలును చూపారు.

2019 ఫిబ్రవరిలో హనోయ్‌లో కిమ్ జోంగ్ ఉన్ యోంగ్‌బ్యోన్‌ను బేరానికి పెట్టి, 2016 నుంచి విధించిన ప్రధాన ఆంక్షల సడలింపు అడిగారు. ట్రంప్ అంగీకరించలేదు. అప్పటికి ఆరు పరీక్షలు జరిగిపోయాయి, కార్యక్రమం యోంగ్‌బ్యోన్ గోడలు దాటి విస్తరించింది. 1994లో మొత్తం కార్యక్రమంగా ఉన్నది 2019 నాటికి అందులో ఒక భాగం. 2024 మార్చిలో రష్యా వీటోతో ఆంక్షల అమలును పరిశీలించే ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం కూడా రద్దయింది.

కుమ్హోలో పునాదుల దగ్గరే ఆగిన రియాక్టర్ల పనిని కెడో 2006లో అధికారికంగా ముగించింది. 2009 ఏప్రిల్ తరువాత ఐఏఈఏ తనిఖీదారు ఎవరూ యోంగ్‌బ్యోన్‌లో అడుగుపెట్టలేదు. 1992 నాటి 90 గ్రాముల ఖాతా వియన్నా రికార్డుల్లో ఇప్పటికీ తేలకుండానే ఉంది.